మూడు వేళ్ల మట్టి

నిన్న రాత్రి పదకొండు దాటాక నిషి కసాయిలోని మా అపార్ట్‌మెంటుకు చేరాం. నాన్న ఇంకా లేవలేదు. ఆయన లేచి కాఫీ అడిగేలోపు గుర్తున్నంతా రాసేద్దామని కూర్చున్నాను.

నాన్నది రణస్థలం మండలంలో చిన్న ఊరు, కొవ్వాడకు దగ్గర. అక్కడ అణు విద్యుత్ కేంద్రం వస్తుందని, ఆరు రియాక్టర్లు పెడతారని వింటూ వింటూ ముసలివాళ్లయిపోయిన రైతుల్లో ఆయనొకడు. రెండు నెలలు నా దగ్గర ఉందామని వచ్చాడు. ఫుజీ కొండ చూపిస్తానంటే, "కొండలు మనకి లేవేటమ్మా? ఆ పేలిపోయిన కరెంటు ఫ్యాక్టరీ ఉంది చూడూ, అక్కడికి తీసుకెళ్లు" అన్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది. టోక్యోలో ఆరేళ్లుగా ఉంటున్నా, 2011 సునామీలో అణు కేంద్రం పేలిన ఫుకుషిమా వైపు ఒక్కసారీ వెళ్లలేదు. భయమని ఎవరికీ చెప్పలేదు గానీ, భయమే.

నవంబరు 21, శుక్రవారం. ఫుతాబా

ఇవాకీలో కారు అద్దెకు తీసుకుని ఆరో నంబరు హైవే మీద ఉత్తరానికి వెళ్లాం. తోమియోకా దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఇళ్ల ముందు మడత గేట్లు మొదలయ్యాయి. గేటు వెనక ఇల్లుంటుంది, ఇంటి ముందు కారుంటుంది, కారు మీదికి తీగలు పాకి ఉంటాయి. పెరటి చెట్ల నిండా పెర్సిమన్ పళ్లు ఎర్రగా వేలాడుతున్నాయి, కోసేవాళ్లు లేరు. "పండిన చెట్టుని అలా వదిలేస్తే పాపం" అని నాన్న రెండుసార్లు అన్నాడు.

ఫుతాబాలో మనుషులు ఉండొచ్చని అనుమతి వచ్చింది 2022 ఆగస్టు చివర్లో. అంటే పదకొండేళ్లకు పైగా ఊరు ఊరంతా ఖాళీ. స్టేషన్ కొత్తది, పక్కనే టౌన్ హాలూ కొత్తది, వాటి చుట్టూ కంకర పరిచిన ఖాళీ స్థలాలు. ఒకప్పుడు అవన్నీ ఇళ్లు. స్టేషన్ బయట సోలార్ పలకతో ఒక స్తంభం ఉంది. మన ఊళ్లో బస్టాండు గడియారం చూసినట్టు ఇక్కడ దాన్ని చూస్తారు. గాల్లో రేడియేషన్ గంటకు ఎన్ని మైక్రోసీవర్టులో ఎర్రటి అంకెల్లో చూపిస్తుంది. సర్కారు పెట్టుకున్న లక్ష్యం 0.23. ఇక్కడ అంతకంటే తక్కువే ఉంది. అది చూశాకే నేను మాస్క్ తీశాను. నాన్న అసలు పెట్టుకోనేలేదు.

సముద్రం వైపు విపత్తు స్మారక మ్యూజియం ఉంది, మనిషికి 600 యెన్లు. అందులో నాన్న ఎక్కువసేపు నిలబడింది ఒక పెద్ద బోర్డు ముందు. ఊరి వీధికి అడ్డంగా ఉండేదట అది. "అణుశక్తి, ఉజ్వల భవిష్యత్తుకు ఇంధనం" అని రాసుంది. 1980ల చివర్లో ఊళ్లో నినాదాల పోటీ పెడితే ఆరో తరగతి పిల్లాడు రాసిన మాట. ప్రమాదం జరిగాక బోర్డు పీకేస్తామంటే, పెద్దవాడైన ఆ పిల్లాడే తీయొద్దని, గుర్తుగా ఉండనివ్వమని అడిగాడట. నేను చదివి అర్థం చెప్పాక నాన్న ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాడు. ఇక్కడున్న నాలుగు రోజుల్లో ఆయన తనంతట తాను తీసిన ఫొటో అదొక్కటే.

అక్కణ్నుంచి ఒదాకా వెళ్లాల్సింది, మ్యాప్ నన్ను దక్షిణానికి తిప్పి ఒక గేటు ముందు పడేసింది. హెల్మెట్ పెట్టుకున్న కాపలా పెద్దాయన పరుగున వచ్చాడు. తిడతాడనుకున్నాను. వంగి దండం పెట్టి, మా అదృష్టం కొద్దీ జేబులోనే ఉన్న కాగితం మ్యాపు తీసి, మేం ఎక్కడున్నామో, ఎక్కడికి వెళ్లాలో పెన్సిలుతో గీసిచ్చాడు. కారు వెనక్కి తిప్పుకునేదాకా చేతి లైటు ఊపుతూ నిలబడి, మళ్లీ వంగాడు. "దారి తప్పినందుకు మనం కదా దండం పెట్టాలి" అన్నాడు నాన్న.

రాత్రి ఒదాకాలో చిన్న సత్రం. భోజనంతో కలిపి ఇద్దరికీ 17,000 యెన్లు, మన లెక్కన తొమ్మిదిన్నర వేల పైమాటే. వేయించిన చేప, ముల్లంగి పులుసు, అన్నం. సత్రం అవ్వ అన్నం వడ్డిస్తూ, ఇది ఫుకుషిమా బియ్యమే, ఫరవాలేదా అని అడిగింది. ఆ అడగడంలో కోపం లేదు. ఎన్నేళ్లుగా అడుగుతోందో, అలవాటైపోయిన గొంతు. 2012 నుంచి ఈ జిల్లా బియ్యాన్ని బస్తా బస్తా యంత్రం మీద పెట్టి కొలిచారు, ఏడాదికి కోటి బస్తాల దాకా. కిలోకు 100 బెక్వెరెళ్ల (రేడియోధార్మికత కొలత) హద్దు. 2015 పంట నుంచి హద్దు దాటిన బస్తా ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు చాలా ఊళ్లలో నమూనాలు చూస్తే చాలంటున్నారు. నాన్న రెండోసారి అన్నం అడిగి, సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా తీశాడు. అవ్వ గోరంత నాలుక మీద వేసుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. తర్వాత ఇంకొంచెం వేయించుకుంది.

నవంబరు 22, శనివారం. ఓకుమా

ఈ ప్రయాణం అసలు దీనికోసమే. ఫుకుషిమాలో చెక్కేసిన మట్టినంతా తెచ్చి పోసిన చోటు ఓకుమా, ఫుతాబా ఊళ్ల మధ్య ఉంది. పేలిన కేంద్రం చుట్టూ 1,600 హెక్టార్లు, మన లెక్కలో నాలుగు వేల ఎకరాలు. పేరు "మధ్యంతర నిల్వ కేంద్రం". ముందుగా పేరు రాయించుకుంటే బస్సులో తిప్పి చూపిస్తారు.

జొసెన్ అంటారు ఇక్కడ శుద్ధి పనిని. ఏం చేశారంటే, ఇళ్ల చుట్టూ, బడుల్లో, మడుల్లో పైమట్టిని ఐదు సెంటీమీటర్ల మేర చెక్కేసి నల్లటి టన్ను సంచుల్లో నింపారు. గైడు ఈ మాట చెప్పగానే నాన్న కుడిచేతి మూడు వేళ్లు దగ్గరికి చేర్చి నాకు చూపించాడు, ఇంతేనా అన్నట్టు. అంతే. 2011 మార్చిలో గాలితో, వానతో, మంచుతో దిగిన రేడియోధార్మిక సీజియం ఆ మూడు వేళ్ల మందంలోనే ఆగిపోయింది. ఎందుకాగింది? బంకమట్టి రేణువు పొరలు పొరలుగా ఉంటుందట, సీజియం ఆ పొరల మధ్యకు దూరి ఇరుక్కుంటుంది. చిన్నప్పుడు పుస్తకంలో నెమలీక దాచుకున్నట్టు. కడిగినా రాదు, వేరుకూ అంత సులువుగా అందదు. అందుకే ఆ బియ్యం తినగలుగుతున్నాం. మట్టిని కడిగి శుభ్రం చేయలేకపోతున్నదీ అందుకే. మంచీ చెడూ ఒక్కచోటే ఉన్నాయి.

2011 వేసవిలో పొద్దుతిరుగుడు పూలు సీజియాన్ని లాగేస్తాయని నమ్మి ఈ జిల్లా నిండా నాటారు. వ్యవసాయ శాఖ పరీక్షిస్తే ఫలితం దాదాపు ఏమీ లేదని తేలింది. ఇక మిగిలింది పార, పొక్లెయిన్.

బస్సు ఎక్కేటప్పుడు మెడలో వేసుకోమని రేడియేషన్ కొలిచే డోసిమీటర్లు ఇచ్చారు. నాన్న దాన్ని తాయెత్తులా చొక్కా లోపలికి తోసుకున్నాడు. నేను ఊరికే ఉండలేక, మన భీమిలి వైపు సముద్రపు ఇసుకలో కూడా మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది నాన్నా, దాన్నుంచీ రేడియేషన్ వస్తుంది అన్నాను. "అది ఎప్పట్నుంచో అక్కడే ఉంది. ఇది ఒకడి ఇంట్లోంచి ఇంకొకడి ఇంట్లోకి వచ్చింది" అన్నాడు.

లోపల భయపెట్టే దృశ్యం ఏదో ఉంటుందనుకున్నాను. పచ్చటి దిబ్బలు ఉన్నాయి. చెరువు గట్టులా ఒద్దికగా, పైన గడ్డి నాటి. లోపల అడుగున నీరింకని షీటు, దాని మీద మట్టి, ఊరిన నీటిని పట్టి శుద్ధి చేసే గొట్టాలు, ఆ పైన మంచి మట్టి కప్పు. సంచులు ఇక్కడికి తెచ్చాక చింపేస్తారు, వేళ్లూ ఆకులూ జల్లెడ పట్టి తీసేస్తారు, వాటిని కాలుస్తారు, ఉత్త మట్టిని పొరలుగా పోస్తారు. 2015 మార్చిలో టిప్పర్లు రావడం మొదలైంది. ఇప్పటిదాకా వచ్చింది సుమారు కోటీ నలభై లక్షల ఘనపు మీటర్లు. నాన్న నా ఫోన్‌లో లెక్క వేయించాడు. మన ట్రాక్టరు తొట్టికి మూడు ఘనపు మీటర్లు అనుకుంటే నలభై ఆరు లక్షల తొట్లకు పైనే. ఎండాకాలం చెరువు పూడిక మట్టి తొట్టికింతని కొని పొలంలో తోలుకునే మనిషి ఆయన. ఆ లెక్క విన్నాక చాలాసేపు మాట్లాడలేదు.

దిబ్బల మధ్య అక్కడక్కడా పాత ఇళ్లు, ఒక గుడి ద్వారం, ఖాళీ వృద్ధాశ్రమం. వృద్ధాశ్రమం ఉన్న మిట్ట మీద బస్సు ఆగింది. అక్కణ్నుంచి పేలిన కేంద్రం క్రేన్లు కనిపిస్తాయి, వాటి వెనక సముద్రం. ఈ నేల రెండు వేల మందికి పైగా సొంతదారులది. కొందరు అమ్మారు. కొందరు అమ్మకుండా, నేల తమ పేరునే ఉంచుకుని వాడుకునే హక్కు మాత్రం ఇచ్చారు. అది విని నాన్న బస్సులో మొదటిసారి చెయ్యెత్తాడు, బడిపిల్లాడిలా. "మరి తిరిగి ఇస్తారా?" నేను అనువదించాను. చట్టం ప్రకారం 2045 మార్చిలోపు ఈ మట్టంతా ఫుకుషిమా బయటకు తీసుకెళ్లి శాశ్వతంగా పాతిపెట్టాలి అని చెప్పాడు గైడు. ఎక్కడికి? ఆ చోటు ఇంకా తేలలేదు. సీజియం 137 సగం కావడానికే ముప్పై ఏళ్లు పడుతుంది. ఆ గడువుకు ప్రమాదం జరిగి ముప్పై నాలుగేళ్లు అవుతుంది.

ఈ మట్టిలో ముప్పాతిక వంతు కిలోకు 8,000 బెక్వెరెళ్ల లోపుదేనట. దాన్ని రోడ్ల కింద, గట్ల కింద వాడేసుకోవాలని సర్కారు ఆలోచన. 2025లో దానికి కొత్త పేరు కూడా పెట్టారు. తెలుగులో చెప్పాలంటే "పునరుద్ధరణ మట్టి" లాంటిది. పేరు మార్చినంత మాత్రాన బయటి ఊళ్లేవీ తీసుకోలేదు. పేరు మార్చక ముందే, టోక్యోలో షింజుకు గ్యొయెన్ తోటలో పూలమడికి వాడి చూస్తామంటే చుట్టుపక్కల వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి 2025 జులైలో ప్రధాని కార్యాలయం ముందు రెండు ఘనపు మీటర్లు పోసి, పైన మంచి మట్టి కప్పారు. కోటీ నలభై లక్షల్లో రెండుతో మొదలు. జపనీయుల్లోనే ఒక ఎత్తిపొడుపు ఉంది, ఇది జొసెన్ కాదు, ఇసెన్ అని. ఇసెన్ అంటే మైలను ఇంకోచోటికి మార్చడం.

బస్సు దిగాక నాకు ఆవేశం వచ్చింది. ఆ కేంద్రం కరెంటు ఒక్క యూనిట్ కూడా ఈ ఊళ్లకు కాదు, మొత్తం టోక్యో వైపుకే వెళ్లేది. కరెంటు వాడుకున్నవాళ్లు మట్టి మాత్రం మాకొద్దంటారా, సిగ్గుండాలి అని పార్కింగ్‌లో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. నాన్న కొన్‌బిని (రోజంతా తెరిచుండే చిన్న దుకాణం) నుంచి తెచ్చిన అన్నం ముద్ద కవరు విప్పలేక తంటాలు పడుతున్నాడు. వింటూ ఉన్నాడనే అనుకుంటాను.

నవంబరు 23, ఆదివారం. ఈతాతె

మా ఆఫీసులో ఒకావిడ మేనమామ ఈతాతెలో రైతు. ఆవిడ ముందుగా ఫోన్ చేసి చెప్పింది. కొండల మధ్య ఊరు, కేంద్రానికి వాయవ్యంగా ముప్పై కిలోమీటర్ల అవతల. అంత దూరం కదా, మనకేమవుతుందనుకున్నారు. మార్చి 15న గాలి ఇటు తిరిగింది, వానా మంచూ పడ్డాయి. ఖాళీ చేయాలని చెప్పింది ఏప్రిల్ 22న. అప్పటిదాకా పిల్లాజెల్లాతో అక్కడే ఉన్నారు, పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు అన్నం వండిపెడుతూ. తిరిగి రావచ్చన్నది 2017 మార్చి చివర్లో. ఆరు వేల మంది ఉన్న ఊరికి తిరిగొచ్చినవాళ్లు కొద్దిమందే.

మేనమామకు డెబ్బై నాలుగేళ్లు, నాన్నకంటే ఐదేళ్లు పెద్ద. వాకిట్లో ఇద్దరూ ఒకరి చేతులొకరు చూసుకున్నారు. రైతులు అంతే, ముందు చేతులు చూస్తారు.

ఆయన మడి చూపించాడు. ఇక్కణ్నుంచి నా అనువాదం అవసరం తగ్గిపోయింది. పైన మూడు వేళ్ల మట్టి చెక్కాక, దాని బదులు కొండ తవ్వి ఇసుక మట్టి తెచ్చి పరిచారు. ఎర్రగా, గరుగ్గా, రాళ్లతో. నాన్న గొంతుకు కూర్చుని పిడికెడు తీసి నలిపి, వాసన చూసి, తల అడ్డంగా ఊపాడు. అవతలాయన కూడా అలాగే ఊపాడు. రాళ్లు ఏరడానికే మొదటి రెండేళ్లు పోయాయట. పెద్ద యంత్రాలు తిరిగి నేల గట్టిపడింది, నీరు కిందకి దిగక మడిలో నిలిచిపోయేది. ఎనిమిదేళ్లుగా పశువుల గత్తం, ఊక, ఆకులు వేస్తున్నాడు. మొక్క సీజియం జోలికి పోకుండా పొటాషియం ఎరువు కూడా. రెండూ ఒకలాంటివే గనక, పొటాషియం కడుపునిండా దొరికితే వేరు దీన్ని పట్టించుకోదు. "ఆ చెక్కేసిన మట్టి వాళ్ల తాతలు చేసింది" అన్నాడు నాన్న నాతో. నేను చెప్పాను. ఆయన నవ్వి నాలుగు వేళ్లు చూపించాడు. తాత కాదు, నాలుగు తరాలు.

గట్టు దాటితే కొండ అడవి. అది మాత్రం ఎవరూ శుద్ధి చేయలేదు. ఇళ్లకూ పొలాలకూ ఆనుకుని ఇరవై మీటర్ల మేర ఆకులు ఊడ్చారు, అంతే. జిల్లాలో డెబ్బై శాతం అడవే, ఎంతని చెక్కుతారు? అందుకే పుట్టగొడుగులు ఏరుకోవడం పోయింది. ఆయన మడి గురించి కంటే పుట్టగొడుగుల గురించే ఎక్కువ బాధపడ్డాడు. శరత్కాలం వస్తే ఎక్కడ ఏవి మొలుస్తాయో ఆయనకు తెలుసు, కొడుకుకు చూపించలేదు, ఇప్పుడు కొడుకు ఫుకుషిమా నగరంలో ఉంటాడు.

మధ్యాహ్నం ఇంట్లో సోబా నూడుల్స్, ఊరవేసిన ముల్లంగి. గ్రీన్‌హౌస్‌లో తెల్లటి, ఊదా రంగు తుర్కి గంటపూలు వేస్తున్నాడు. పూలైతే ఎవరూ తినరు, బెక్వెరెళ్లు అడగరు అని ఆయన జోకు. ఈ ఊరివాళ్లకు ఒక యాస మాట ఉంది, "మదెయ్". అర్థం చెప్పడానికి జపనీస్‌లోనే రెండు మూడు వాక్యాలు పట్టింది ఆయనకు. తొందరపడకుండా, వృథా చేయకుండా, రెండు చేతులా చేసే పని. నేను నాన్నకు చెప్పబోతుంటే, "ఒబ్బిడిగా అంటాడు, అంతే కదా" అన్నాడు. అంతే.

తిరుగుదారిలో నాగదోరో పక్కనుంచి వచ్చాం. ఆ ఊరికి అనుమతి 2023 మేలో, అదీ కొంత భాగానికే. అక్కడ తక్కువ రేడియేషన్ ఉన్న మట్టిని పొలాల అడుగున పోసి, పైన యాభై సెంటీమీటర్ల మంచి మట్టి కప్పి పంటలు వేసి చూస్తున్నారు. రోడ్డు మీంచి చూస్తే మామూలు పొలమే.

నవంబరు 24, సోమవారం. నమియె, ఉకెదో

నమియె యాకిసోబా తినకుండా వెళ్లొద్దని సత్రం అవ్వ ఒట్టు పెట్టించుకుంది. చిటికెన వేలంత లావు నూడుల్స్, పంది మాంసం, మొలకలు. నాన్న పంది తినడు. మాంసం తీసేసి ఇవ్వగలరా అని అడిగితే కౌంటరు అమ్మాయి లోపలికెళ్లి, వంటాయనతో మాట్లాడి వచ్చి, చాలా బాధగా కుదరదని చెప్పింది. ఆ బాధ చూసి మేమే ఓదార్చాల్సి వచ్చింది. అందుకని నాన్నకు షిరాసు అన్నం, 1,300 యెన్లు. ఉకెదో రేవులో పట్టిన దారపు పోగుల్లాంటి చేపపిల్లలు. "మన నెత్తళ్ల పిల్లలే ఇవి. మన కాడైతే ఇంత చిన్నవి పట్టనివ్వరు" అని విసుక్కుంటూనే గిన్నె ఖాళీ చేశాడు.

ఉకెదో బడి సముద్రానికి మూడు వందల మీటర్లు. సునామీ రెండో అంతస్తు దాకా కొట్టింది. ఆ రోజు బళ్లో ఉన్న 82 మంది పిల్లలూ టీచర్లతో కొండ వైపు నడిచి అందరూ బతికారు. ఊళ్లో చిక్కుకున్నవాళ్ల కోసం తెల్లవారి వెతుకుదామనుకుంటే, తెల్లవారేసరికి కేంద్రం చుట్టూ ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. వెతకడం ఆగిపోయింది. ఇక్కడ నాకు రాయడానికి ఇంకేమీ లేదు.

నిషి కసాయి

రాత్రి తలుపు దగ్గర బూట్లు విప్పుతుంటే నాన్న బూటు అడుగున ఈతాతె మడి మట్టి ఎండి గడ్డకట్టి ఉంది, తులసి కోటలో మట్టంత కూడా లేదు. బాల్కనీలో నా కరివేపాకు కుండీ చూపించి, "అందులో రాల్చెయ్యమ్మా. ఎనిమిదేళ్లు గత్తం తిన్న మట్టి" అని పడుకోవడానికి వెళ్లాడు.

సరే అన్నాను. ఆయన గది తలుపు వేశాక ఆ మట్టిని పాత టూత్‌బ్రష్‌తో టిష్యూ మీదకి రాల్చి, మడిచి, కవర్లో పెట్టి ముడి వేశాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. తర్వాత ఏ చెత్తలో వేయాలో తెలియలేదు. కాలే చెత్తా, కాలని చెత్తా? ఫ్రిజ్‌కు అంటించిన వార్డు చెత్త పట్టికలో వెతికాను. మట్టి తీసుకోరట.

కవరు ఇప్పుడు బూట్ల అర పక్కన ఉంది. నాన్న లేచినట్టున్నాడు, వంటింట్లో గిన్నెల చప్పుడు.